పురుషత్వాన్ని నవలలోనూ సినిమాలోనూ ఒకే పద్ధతిలో చదవవచ్చా?

ప్రశ్న:
పురుషత్వం, జెండర్ అస్తిత్వం అనే అంశంపై సెమినార్ పత్రం రాస్తున్నాను. చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (1958), బారీ జెంకిన్స్ సినిమా ‘మూన్‌లైట్’ (2016) ఎంచుకున్నాను. కథానాయకులు ఎక్కడ కఠినంగా ఉన్నారో, ఎక్కడ మెత్తబడ్డారో రాసుకుంటూ పోతే అది వారిపై తీర్పుగా మారుతోందే తప్ప విశ్లేషణ కావడం లేదు. రెంటినీ కలిపి చదివే పద్ధతి ఏదైనా సూచించగలరా?

సమాధానం 1:
అతను ఎలాంటి మగవాడన్నది పక్కన పెట్టి, మగవాడనిపించుకోవడానికి ఏమేం చేస్తూ పోవలసి వస్తున్నదో, ఎవరి కళ్లెదుట చేస్తున్నాడో చూడండి. జెండర్ లోపల స్థిరంగా ఉండే గుణం కాదని, పదే పదే చేసే చేతల వల్లనే ఏర్పడుతుందని 1990లో అమెరికన్ తత్వవేత్త జుడిత్ బట్లర్ చేసిన వాదన మీకు ఆధారమవుతుంది. అచెబె నవలలో కథానాయకుడు ఒకొంక్వో, తన ఇంట పెరుగుతూ తనను నాన్న అని పిలిచే ఇకెమెఫునా అనే కుర్రవాణ్ని స్వయంగా నరుకుతాడు. ఆ పనిలో పాలుపంచుకోవద్దని ఊరి పెద్ద ఒకరు ముందే హెచ్చరించారు కూడా. బలహీనుడనుకుంటారన్న భయంతోనే నరికాడని కథకుడు మనకు చెబుతాడు గాని, ఒకొంక్వో ఆ మాట పైకి అనడు. ఆ తర్వాత రెండు రోజులు మాత్రం తిండి ముట్టడు. పాఠకుడికి తెలిసినదానికీ పాత్ర ఒప్పుకోనిదానికీ మధ్య ఉన్న ఈ ఎడమే మీ పత్రానికి అసలు వస్తువు.

సమాధానం 2:
నవలకు ఇది సరిపోతుంది, సినిమాకు చాలదు. అక్కడ భయాన్ని పేరు పెట్టి చెప్పే కథకుడు లేడు కనుక నటుడి శరీరాన్నే చదవాలి. ‘మూన్‌లైట్’ మూడో భాగానికి వచ్చేసరికి కథానాయకుడు షైరోన్ కండలు పెంచి, పళ్లకు బంగారు తొడుగులు వేసుకుని, చిన్నతనంలో తనను చేరదీసిన హువాన్‌ను తలపిస్తాడు. చిన్ననాటి స్నేహితుడు కెవిన్ వండి పెట్టిన భోజనం ముందు కూర్చున్నప్పుడు ఆ తొడుగులు తీసేస్తాడు. ఆ ఒక్క చర్యపై ఒక పేజీ రాయండి, ఎందుకంటే ఎంతో శ్రమపడి కట్టుకున్న రూపాన్ని అతను ఎవరి ముందు సడలించగలిగాడో అక్కడే తెలుస్తుంది.

సమాధానం 3:
ఒక ముఖ్యమైన తేడాను గమనించాలి. షైరోన్ సంఘర్షణ లైంగిక ఆకర్షణకూ పురుషత్వానికీ సంబంధించినది. తాను పురుషుడినా కాదా అన్న జెండర్ అస్తిత్వపు ప్రశ్న అతనికి లేదు. జెండర్ అస్తిత్వాన్ని శీర్షికలో ఉంచాలంటే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు స్వయంగా రాసుకున్న జీవితాలను చదవక తప్పదు. 2010లో ఇంగ్లీషులో వెలువడిన ట్రాన్స్‌జెండర్ రచయిత్రి ఎ. రేవతి ఆత్మకథతో మొదలుపెట్టవచ్చు. పురుషత్వం పురుషుల సొత్తు మాత్రమే కాదని 1998లో జెండర్ అధ్యయనవేత్త జాక్ హాల్బర్‌స్టామ్ రాసిన పుస్తకం కూడా ఇక్కడ అవసరమే.

అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. పత్రాన్ని పురుషత్వానికే పరిమితం చేసి, ఇకెమెఫునా మరణాన్నీ ఆ భోజన సన్నివేశాన్నీ పక్కపక్కన పెట్టి రాస్తాను. రేవతి ఆత్మకథను తర్వాతి పత్రానికి విడిగా చదువుతాను.