అమ్మకి కీళ్లవాతం, వైజాగ్ తేమ పడట్లేదేమో... అనంతపురం పంపించాలా?

అందరికీ నమస్కారం అండి. మా అమ్మకి 61 ఏళ్లు, రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఆరేళ్లుగా వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటోంది. నాన్న పోయాక అనంతపురం నుంచి నా దగ్గరికి వైజాగ్ తెచ్చేసుకున్నా. అక్కడ ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప, ఇక్కడేమో సముద్రం పక్కనే, ఆరేసిన బట్టలు కూడా సరిగ్గా ఆరవు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పకముందే అమ్మ "వేళ్లు పట్టేసినాయి రా" అంటాది. పొద్దున్నే గంటసేపు గుప్పెట ముడుచుకోదు, మొన్న ఊరగాయ జాడీ మూత తియ్యలేక దాన్ని అట్లే పట్టుకుని నిలబడిపోయింది, చూసి నాకు ఏడుపొచ్చేసింది.

డాక్టర్ గారేమో గాలి ఒత్తిడి, తేమ మారితే కొంతమందికి నొప్పి ఎక్కువ తెలుస్తుంది గానీ ఊరు మారినంత మాత్రాన జబ్బు పోదు, మందు మాత్రం మానొద్దు అన్నారు, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చూసే రక్త పరీక్ష) మళ్లీ చేయిస్తున్నాం. అమ్మ మాత్రం ఊరెళ్లిపోతా అంటోంది, అక్కడ ఒక్కతే ఎట్లుంటుంది?

తేమ ఊరి నుంచి పొడి ఊరికి మారినవాళ్లు ఎవరైనా ఉన్నారా, నిజంగా తేడా కనిపించిందా, ఎన్నాళ్లు నిలిచింది? ఇంట్లో డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే మిషన్) పెట్టి చూసినవాళ్లు కూడా కాస్త చెప్పండి ప్లీజ్.