39 ఏళ్ల వయసు, పాతికేళ్ల టైప్ 1 మధుమేహం: గర్భం కోసం ఇప్పుడే ప్రయత్నించాలా, ఆగాలా?

గోదావరిగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాకు 39 ఏళ్లు. పద్నాలుగో ఏట టైప్ 1 మధుమేహం బయటపడింది. అప్పటి నుంచి ఇన్సులిన్ మీదే ఉన్నాను. పెళ్లి ఆలస్యంగా జరిగింది. ప్రస్తుతం రాత్రి గ్లార్జిన్ (రోజంతా పనిచేసే ఇన్సులిన్), భోజనాలకు ముందు అస్పార్ట్ (వేగంగా పనిచేసే ఇన్సులిన్) తీసుకుంటున్నాను. ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (కొన్ని నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 7.8 వచ్చింది. మూత్రంలో కొద్దిగా అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందని కొన్నేళ్లుగా టెల్మిసార్టాన్ అనే బీపీ మందు, కొలెస్ట్రాల్ కోసం అటోర్వాస్టాటిన్, వీటితో పాటు థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. కంటి పరీక్ష చేయించుకుని రెండేళ్లు దాటింది.

మా సమస్య ఏమిటంటే, ఇద్దరు డాక్టర్లు రెండు దారులు చూపిస్తున్నారు. సంతాన సాఫల్య కేంద్రంలో ఏఎంహెచ్ పరీక్ష చూసి, అండాల నిల్వ తగ్గుతోందనీ, ఈ వయసులో ఒక్క నెల కూడా పోగొట్టుకోకూడదనీ, వెంటనే ఐవీఎఫ్ మొదలుపెట్టాలనీ చెప్పారు. నా షుగర్ డాక్టరు మాత్రం 6.5కు దిగేదాకా ఆ మాటే ఎత్తవద్దన్నారు. నేను 7 కంటే కిందికి ఎన్నడూ వెళ్లలేదు. ఇలా ఆగుతూ పోతే నలభై దాటిపోతుందన్న భయం ఒక పక్క, తొందరపడితే బిడ్డకు ఏమవుతుందో అన్న భయం మరో పక్క. ఈలోగా ఏ గర్భనిరోధకమూ వాడకుండా, వస్తే వచ్చిందిలే అన్నట్టు రోజులు గడుపుతున్నాం. తల్లికి ఉంటే బిడ్డకూ షుగర్ వచ్చి తీరుతుందని మా అత్తగారు అంటున్నారు. అది ఎంతవరకు నిజం? ఈ దారిలో నడిచినవారు గానీ, వైద్యులు గానీ ఉంటే దయచేసి చెప్పగలరు.

తెల్లకోటు (మధుమేహ వైద్యుడు, విజయవాడ):

అమ్మా, మీరు అడిగిన ప్రశ్న కంటే ముందు, మీరు మామూలుగా చెప్పేసిన మాట ఒకటి నన్ను కలవరపెట్టింది. టెల్మిసార్టాన్ వాడుతూ, గర్భనిరోధకం లేకుండా ఉన్నారు. ఆ జాతి మందులు గర్భంలో, ముఖ్యంగా నాలుగో నెల నుంచి, శిశువు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిపోతుంది. అటోర్వాస్టాటిన్‌ను కూడా గర్భానికి ముందే ఆపడం ఆనవాయితీ. అలాగని ఈ రాత్రే మీ అంతట మీరు మానేయవద్దు. ఈ వారమే మీ డాక్టరును కలిసి, బీపీ కోసం మందు అవసరమైతే లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటి వాటికి మారండి. అంతవరకు గర్భం రాకుండా జాగ్రత్త పడండి. మీరు వాడుతున్న రెండు ఇన్సులిన్లనూ గర్భంలో కొనసాగించవచ్చు. థైరాయిడ్ మాత్ర ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు.

ఇక షుగర్ విషయం. శిశువు గుండె, మెదడు, వెన్నెముక రూపుదిద్దుకునేది మొదటి కొద్ది వారాల్లోనే. వెన్నుపాము నాళం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుంటుంది, అంటే చాలామంది నెల తప్పిందని గమనించే రోజులకే ఆ పని సగం అయిపోయి ఉంటుంది. అందుకే గర్భం వచ్చాక షుగర్ దించుకుందాం అనుకోవడం కుదరదు. ఏ జబ్బూ లేని తల్లుల బిడ్డల్లో నూటికి రెండు మూడు మందికి పుట్టుకతో వచ్చే లోపాలు కనిపిస్తాయి. హెచ్‌బీఏ1సీ 10 దగ్గర ఉన్నప్పుడు అది నూటికి ఇరవై దాటుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్నది మెట్టు కాదు, వాలు. 6.5 అన్నది అమెరికా, బ్రిటన్ మార్గదర్శకాలు రెండూ పెట్టిన లక్ష్యమే, కానీ 6.6 దగ్గర గోడ ఏమీ లేదు, 7.8 నుంచి 7కు వచ్చినా ప్రమాదం గణనీయంగా తగ్గుతుంది. 10 దాటితే మాత్రం వద్దని బ్రిటన్ మార్గదర్శకం గట్టిగా చెబుతుంది.

కాబట్టి నా అభిప్రాయంలో మీ ఇద్దరు డాక్టర్లూ సగం సగం సరైనవారే. తప్పల్లా ఆ నిరీక్షణకు గడువు లేకపోవడంలో ఉంది. మూడు నెలలు గడువుగా పెట్టుకోండి. హెచ్‌బీఏ1సీ పరీక్ష చూపించేది గడిచిన రెండు మూడు నెలల సగటునే. రోజుకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాల్సింది కూడా గర్భానికి మూడు నెలల ముందు. మందులు మార్చి బీపీ కుదుటపడటానికీ అంత సమయం కావాలి. ఈ వయసులో మూడు నెలలు పోవడం వల్ల జరిగే నష్టం స్వల్పం. ఏడాదిన్నర పోతే అది స్వల్పం కాదు.

ఈ మూడు నెలల్లో ముందుగా చేయించవలసింది కంటి రెటీనా పరీక్ష. పాతికేళ్ల మధుమేహంలో షుగర్‌ను హఠాత్తుగా దించితే ఉన్న రెటినోపతీ (రెటీనా రక్తనాళాల జబ్బు) ముదరవచ్చు, గర్భం కూడా దాన్ని ముదరబెడుతుంది. లేజర్ అవసరమైతే అది ముందే పూర్తి కావాలి. మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఒకసారి ఈసీజీ చూడండి. హిమోగ్లోబిన్ కూడా చూడమని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, మన ఆడవాళ్లలో అది ఎంత సాధారణమో చెప్పనక్కర్లేదు. ఐరన్ మాత్ర మొదలుపెడితే థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

మల్లెపందిరి (హైదరాబాద్):

నేను టైప్ 1తోనే నలభై దాటాక తల్లినయ్యాను. డాక్టరుగారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ఒక విషయంలో కొంచెం ఎదురు చెప్పాలనిపిస్తోంది. 6.5 అన్న అంకె వెంట పడి, రోజూ లో షుగర్లతో సతమతమయ్యే స్థితి తెచ్చుకోవద్దు. పాతికేళ్లు ఇన్సులిన్ మీద ఉన్నవారిలో చాలామందికి షుగర్ పడిపోతున్నప్పుడు చెమట, వణుకు వంటి హెచ్చరికలు మొద్దుబారిపోయి ఉంటాయి, నాకూ అంతే. గర్భం వచ్చాక, రెండో నెల నుంచి నాలుగో నెల దాకా ఈ బెడద ఇంకా పెరుగుతుంది, వాంతులు తోడైతే చెప్పనే అక్కర్లేదు. అందువల్ల మీ వారికి గ్లూకగాన్ (పడిపోయిన షుగర్‌ను పెంచే మందు) ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో ఇప్పుడే నేర్పించండి. ఒంటికి అంటుకుని షుగర్‌ను ఎప్పటికప్పుడు కొలుస్తూ, నిద్రలో అది పడిపోతే మోగే సెన్సర్ పెట్టుకోగలిగితే, అంకె కూడా భయం లేకుండా దిగుతుంది. ఖర్చు ఉంటుంది, నిజమే. కానీ పెట్టగలిగినవారు ఆ నెలల్లోనైనా పెట్టడం మంచిదని నా నమ్మకం.

తిండి గురించి ఒక్క మాట. నా అంకెను దించింది కొత్త మందు కాదు, ఇంజెక్షన్ వేళ. భోజనానికి పదిహేను ఇరవై నిమిషాల ముందు అస్పార్ట్ తీసుకోవడం మొదలుపెట్టాక ఇడ్లీ తిన్నా షుగర్ మునుపటంత ఎగబాకడం మానేసింది. ఇడ్లీ బదులు పెసరట్టు తిన్న రోజున ఇంకా తేలిక. అన్నం పూర్తిగా మానేయమన్న సలహాలు వస్తాయి; కొలిచి తినడం వేరు, మానేసి కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) తెచ్చుకోవడం వేరు. గర్భంలో కీటోయాసిడోసిస్ (ఆ కీటోన్లు రక్తంలో పేరుకుపోయే ప్రమాద స్థితి) మామూలుగా కంటే తక్కువ షుగర్ దగ్గరే వచ్చేస్తుంది కనుక ఆ ప్రయోగం వద్దు.

అత్తగారి మాటకు సమాధానం ఇదిగో: తల్లికి టైప్ 1 ఉండి, ఆమె పాతికేళ్లు దాటాక కన్న బిడ్డకు అది వచ్చే అవకాశం సుమారు నూటికి ఒకటి. అదే తండ్రికి ఉంటే సుమారు పదిహేడుకు ఒకటి. పదకొండేళ్ల లోపే జబ్బు బయటపడినవారి విషయంలో ఆ అంకె రెట్టింపు అవుతుందంటారు గానీ, మీకు పద్నాలుగో ఏట వచ్చింది. ఆలస్యంగా తల్లి కావడం వల్ల మనకు కలిసొచ్చిన లెక్క ఇదొక్కటేనేమో! మనం తీసుకునే ఇన్సులిన్ బిడ్డకు చేరుతుందన్న ఇంకో అపోహ కూడా వినబడుతుంది. నిజానికి అది మాయ దాటి బిడ్డకు చేరదు, చేరేది చక్కెర. దానికి బదులుగా బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి, బరువు పెరిగి, పుట్టగానే షుగర్ పడిపోతుంది. అందుకే ఆఖరి నెలల్లో డోసు రెండింతలైనా కంగారు పడవద్దు, అది జబ్బు ముదిరిందని కాదు. కాన్పు కాగానే ఒక్కసారిగా తగ్గించుకోవాలి.

లెస్టర్ తెలుగమ్మాయి:

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, నాదీ టైప్ 1. ఇక్కడ గర్భం కోరుకుంటున్నామని చెప్పగానే, మధుమేహ బృందం, ప్రసూతి బృందం కలిసి చూసే ప్రత్యేక క్లినిక్‌కు పంపుతారు. 2017లో వెలువడిన కన్సెప్ట్ అధ్యయనం, గర్భంలో సెన్సర్ వాడిన టైప్ 1 తల్లుల బిడ్డల్లో అధిక బరువూ, నవజాత శిశు విభాగంలో ఉండాల్సిన అవసరమూ తగ్గాయని చూపించింది. 2023 డిసెంబరులో ఇక్కడి మార్గదర్శక సంస్థ నైస్, సెన్సర్‌ను బట్టి ఇన్సులిన్ పంపు యంత్రమే డోసు సర్దుకునే విధానాన్ని టైప్ 1 గర్భిణులకు, గర్భం ధరించాలనుకుంటున్నవారికి సిఫారసు చేసింది. మన దగ్గర అది అందరికీ అందదని తెలుసు. కానీ ఇద్దరు డాక్టర్లను ఒకే మాట మీదికి తీసుకురావడానికి యంత్రం అక్కర్లేదు. ఒకరి చీటీని మరొకరికి చూపించి, ఫోనులో మాట్లాడుకోమని అడగవచ్చు.

ఐవీఎఫ్ గురించి నేను నేర్చుకున్నది చెబుతాను. ఏఎంహెచ్ అండాల సంఖ్యను సూచిస్తుంది, నాణ్యతను కాదు. నాణ్యత ప్రధానంగా వయసుతో ముడిపడి ఉంటుంది. అందువల్ల ఆ ఒక్క అంకె చూసి బెదిరిపోవద్దు. 35 దాటినవారు ఆరు నెలల ప్రయత్నం తర్వాత, 40 దాటినవారు ఆలస్యం లేకుండా పరీక్షలు చేయించుకోవాలన్నది సాధారణ నియమం. మీ వారి వీర్య పరీక్ష, మీ ఫెలోపియన్ నాళాల పరీక్ష ఈ మూడు నెలల్లోనే అయిపోవచ్చు; వాటికి షుగర్ దిగేదాకా ఆగనవసరం లేదు. ఐవీఎఫ్ తప్పదని తేలితే, అండాలు తీసి పిండాలను భద్రపరచుకుని, షుగర్ అదుపులోకి వచ్చాక గర్భంలో ప్రవేశపెట్టే పద్ధతి ఉంది. ఆ దారిలో వయసు గడియారం ఆగుతుంది, షుగర్‌కు వ్యవధి దొరుకుతుంది. ఒకేసారి ఒక పిండాన్నే పెట్టమనండి. మధుమేహం మీద కవలల భారం వద్దు.

గోదావరిగట్టు:

మీ అందరికీ ఎంతో కృతజ్ఞతలు. టెల్మిసార్టాన్ సంగతి చదివి డాక్టరును కలిశాం; మందు మార్చారు, అటోర్వాస్టాటిన్ ఆపారు, ఫోలిక్ యాసిడ్ రాశారు. గడువు పెట్టుకోవడానికి ఆయనా ఒప్పుకున్నారు. పిండాలు భద్రపరచే మార్గం గురించి సంతాన సాఫల్య కేంద్రంలో నాకు ఎవరూ చెప్పలేదు. ఒక సందేహం: అండాలు తీసే రోజున ఉదయం నుంచి ఏమీ తినకూడదన్నారు. ఆ రోజు ఇన్సులిన్ మానేయాలా?

లెస్టర్ తెలుగమ్మాయి:

మానకూడదు. అక్కడి సిబ్బందిలో కొందరికి టైప్ 2 రోగులే అలవాటు కనుక, తినడం లేదు కాబట్టి ఇన్సులిన్ వద్దు అనేస్తారు. అది మనకు ప్రమాదం. గ్లార్జిన్ కొనసాగాలి, డోసు ఎంత తగ్గించాలో షుగర్ డాక్టరు చేత రాయించుకోండి. భోజనపు డోసు మాత్రమే తినేవేళకు వాయిదా పడుతుంది. తొలి కేసుగా ఉదయాన్నే పెట్టమని అడగండి, మత్తు డాక్టరుకు సెన్సర్ సంగతి చెప్పండి. తర్వాత ఇచ్చే ప్రొజెస్టెరాన్ (గర్భాన్ని నిలబెట్టే హార్మోన్) వల్ల షుగర్ కొంత పెరగవచ్చు, దానికీ సిద్ధంగా ఉండండి.

తెల్లకోటు:

పై సలహా సరైనదే. గర్భం నిలిచాక సెన్సర్‌లో లక్ష్యం 63 నుంచి 140 మధ్య, రోజులో 70 శాతం పైగా సమయం. భోజనానికి ముందు 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు. మల్లెపందిరి గారి ఎదురుమాట న్యాయమైనదే: లో షుగర్లు తీవ్రంగా ఉంటే హెచ్‌బీఏ1సీ లక్ష్యాన్ని 7 దాకా సడలించుకోవచ్చని అమెరికా మార్గదర్శకాలూ చెబుతున్నాయి. పన్నెండో వారం దాటాక బీపీ ఉపద్రవాల నివారణకు తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. వయసును బట్టి క్రోమోజోమ్ పరీక్ష గురించి అడగండి. నలభైలో డౌన్ సిండ్రోమ్ అవకాశం సుమారు నూటికి ఒకటి, దానికి షుగర్‌తో సంబంధం లేదు. ఐదో నెల స్కానింగుతో పాటు శిశువు గుండెకు ప్రత్యేకంగా ఎకో చేయించండి.

మరొకటి: నెల తప్పి పరీక్షలో గర్భం అని తేలిన రోజునే ఫోన్ చేయండి, మొదటి స్కానింగు దాకా ఆగవద్దు. థైరాయిడ్ మాత్ర అవసరం ఆ తొలి వారాల్లోనే పెరుగుతుంది. మీ వంటివారికి సాధారణంగా వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకోమని చెప్పి, నాలుగు వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూస్తాం.