ఎఫ్8 తో నడిపితే సరిగ్గా పనిచేసే మాక్రో, ఎఫ్5 కొడితే పాత డేటా ఇస్తోంది

ఎక్సెల్‌లో చిన్న మాక్రో (పనులు వాటంతటవే జరిగేలా రాసే కోడ్) రాసుకున్నాను. యాక్టివ్‌వర్క్‌బుక్.రిఫ్రెష్‌ఆల్ (ఫైల్లోకి వచ్చే డేటా అంతా తాజా చేసేది) అని మొదటి లైను, దాని కిందే అలా తాజా అయిన టేబుల్‌ని రిపోర్ట్ షీట్‌లోకి కాపీ చేసే లైను, అంతే. ఎఫ్8 తో ఒక్కో లైనూ నడిపిస్తే బంగారంలా పనిచేస్తుంది, ఎఫ్5 కొట్టి మొత్తం ఒకేసారి నడిపానా, నిన్నటి అంకెలే వస్తాయి, ఎర్రర్ కూడా ఇవ్వదు (ఇచ్చినా బాగుండేది, కనీసం తెలిసేది).

రిఫ్రెష్ పూర్తవకముందే కాపీ అయిపోతోందని నా అనుమానం. మధ్యలో అప్లికేషన్.వెయిట్ 10 సెకన్లు పెట్టి చూశాను, తేడా లేదు. కనెక్షన్ ప్రాపర్టీస్‌లో బ్యాక్‌గ్రౌండ్ రిఫ్రెష్ (రిఫ్రెష్ అవుతుండగానే మిగతా పని సాగనిచ్చేది) టిక్ తీసేస్తే సరిపోతుందా, లేక కోడ్‌లోనే అదే సెట్టింగ్ అయిన బ్యాక్‌గ్రౌండ్‌క్వెరీని ఫాల్స్ చేయాలా? డేటా తెచ్చే క్వెరీలు మొత్తం 3 ఉన్నాయి, ఒకటి ఇంకోదాని మీద ఆధారపడుతుంది. ఇలాంటిది ఎవరైనా సరిచేసుకుని ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్, రోజూ చేత్తో సరిచూసుకోలేక టెన్షన్‌గా ఉంది.