అప్‌డేట్: జర్మనీ వెళ్తున్నాం, నా ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంచుకుంటున్నాను

మావారు జర్మన్, నాది తెనాలి, బాబు హైదరాబాద్‌లో పుట్టాడు. జర్మనీకి మారితే ఎవరికి ఏ పౌరసత్వం మేలని అడిగాను కదా, సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

నేను ఏ1 (మొదటి మెట్టు) జర్మన్ భాషా పరీక్ష పాసై, భార్యగా ఫ్యామిలీ వీసా మీద వెళ్తున్నా. జర్మన్ పౌరుడి భార్యకు మామూలుగా మూడేళ్ళకే పౌరసత్వానికి దారి ఉంది. 2024 జూన్ 27 నుంచి జర్మనీ రెండో పౌరసత్వానికి ఒప్పుకుంటోంది. మన చట్టమే ఒప్పుకోదు, అక్కడిది తీసుకున్న రోజే ఇక్కడిది పోతుంది. నా దిగులంతా నాన్నగారి పొలం గురించే. తీరా చూస్తే పొలం కొనడం ఎన్నారైకీ (ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంచుకుని విదేశంలో ఉండేవాళ్ళు) కుదరదు, ఓసీఐకీ (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇండియా ఇచ్చే కార్డు ఉన్నవాళ్ళు) కుదరదు. వారసత్వంగా రావడానికి ఇద్దరికీ అడ్డు లేదు. ఇక తేడా ఓటు దగ్గరే. ఎన్నారై ఊరికొచ్చి ఓటేయొచ్చు, ఓసీఐకి ఆ హక్కు లేదు. ఓటు వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు.

బాబు తండ్రి ద్వారా పుట్టుకతోనే జర్మన్, కాబట్టి ఆ పాస్‌పోర్టే తీయించాం. ఇక్కడే పుట్టాడు గనుక అందులో ఇండియా వీసా ఉండదు. దేశం దాటాలంటే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు ఆఫీసు) ఇచ్చే ఎగ్జిట్ పర్మిట్ కావాలి. మాలాంటి వాళ్ళెవరైనా ఉంటే, దయచేసి టికెట్లు కొనకముందే ఈ పని చూసుకోండి. వాడి ఓసీఐ సంగతి అక్కడికి చేరాక చూస్తాం.