జులైలో గ్రేట్ ఓషన్ రోడ్: ఒక్క రోజులో ఏ దిశ మేలు?

మెల్‌బోర్న్ నుంచి కారులో ఆస్ట్రేలియా తీరం వెంట సాగే గ్రేట్ ఓషన్ రోడ్ మీద వెళ్లి, సముద్రంలో నిలువుగా నిలిచిన రాతిస్తంభాలు ‘ట్వెల్వ్ అపోసిల్స్’ చూసి రాత్రికి తిరిగి రావాలి. వెంట మోకాళ్ల నొప్పులున్న అమ్మ. జులై అక్కడ చలికాలం, సాయంత్రం ఐదుంబావుకల్లా పొద్దుగూకుతుంది, అసలు చిక్కు అదే.

టోర్కీ, లోర్న్, అపోలో బే అనే తీరపు ఊళ్ల మీదుగా వెళ్తే సముద్రం ఎడమవైపే కనుక వ్యూపాయింట్ల దగ్గర సులువుగా ఆగొచ్చు. కానీ అపోసిల్స్ దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. కోలాక్ మీదుగా లోపలి దారిలో వెళ్తే త్వరగా చేరతాం. అయితే తిరుగు ప్రయాణంలో మలుపుల తీర రోడ్డు చీకట్లో, కంగారూలు రోడ్డెక్కే వేళకి మిగులుతుంది.

తీరం వెంట వెళ్లి, కోలాక్ మీదుగా తిరిగి రావడమే నయమా? అపోసిల్స్ దగ్గర బీచ్‌కి దిగే గిబ్సన్ స్టెప్స్ 86 మెట్లు, అమ్మకి కుదరదు. అక్కడికి దగ్గర్లోని లాక్ ఆర్డ్ గార్జ్ అనే కొండచరియల మధ్య లోయలో బీచ్‌కి దిగకుండా పైనుంచే బాగా కనబడుతుందా? తీర రోడ్డు మీది కెనెట్ రివర్ అనే ఊళ్లో కోలాల కోసం ఆగితే ఎంతసేపు పడుతుంది?