పదో తరగతిలో పదకొండు మందే: ఊరి బడిలోనే ఉంచాలా, మండలం హైస్కూల్లో కలపాలా?

చంపావతి గట్టు

మాది విజయనగరం జిల్లాలో చిన్న ఊరు. మా జడ్పీ హైస్కూల్లో ఈసారి పదో తరగతి పిల్లలు పదకొండు మంది. వాళ్ల వెనక తొమ్మిదో తరగతిలో ఇంకా తక్కువ. ఇంత కొద్దిమందికి పాఠాలు సరిగ్గా జరగవు, 9, 10 తరగతుల్ని ఏడు కిలోమీటర్ల దూరంలోని మండలం హైస్కూల్లో కలిపేయమని మనమే అడుగుదాం అని ఊళ్లో కొందరు పెద్దలు అంటున్నారు. పైనుంచి ఆర్డరేమీ రాలేదు. స్కూల్ కమిటీ మీటింగులో తీర్మానం పెడతారట.

మా అమ్మాయి తొమ్మిది చదువుతోంది. ఆరో తరగతి నుంచి ఈ పిల్లలంతా ఒకే జట్టు. పది కూడా కలిసే రాసి బయటికి వెళ్లాలని నాకు ఉంది. కానీ నా ఆశ కోసం పిల్ల చదువు దెబ్బతినకూడదు. చిన్న క్లాసులో చదివినవాళ్లు, పాఠం చెప్పినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

లెక్కల మాస్టారు

నేను ప్రభుత్వ హైస్కూల్లో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంటుని. కలపడమే మంచిదంటాను. మీకు నచ్చకపోయినా వినండి.

పోస్టులు పిల్లల సంఖ్యను బట్టే ఉంటాయి. రేషనలైజేషన్, అంటే టీచర్ల సర్దుబాటు, జరిగిన ప్రతిసారీ చిన్న బడి నుంచే ఎవరో ఒకరిని మిగులు కింద చూపించి పంపేస్తారు. ఫిజికల్ సైన్స్ మాస్టారు వెళ్లిపోతే ఆ పాఠం బయాలజీ టీచరు నెత్తిన పడుతుంది. పది పరీక్షలో ఆ రెండూ వేర్వేరు పేపర్లు, ఒక్కోటి 50 మార్కులు. పైగా 2025 మార్చి నుంచి మన పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల మీద పరీక్ష. అందులో కాంతి, విద్యుత్తు పాఠాలు ఆ సబ్జెక్టు చదివిన మనిషి చెప్తేనే ఎక్కుతాయి. గైడులోంచి నోట్స్ రాయిస్తే పిల్లలు బట్టీ పడతారు, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే పెన్ను కింద పెట్టేస్తారు.

ట్రిపుల్ ఐటీ సీటు ఇచ్చేది పది మార్కులు చూసే. పల్లె పిల్లల కోసం 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో పెట్టారు, తర్వాత శ్రీకాకుళం, ఒంగోలు వచ్చాయి. ఒక్క పేపర్లో పది మార్కులు పోతే ఆ సీటు ఎలా వస్తుంది? స్నేహాలు ఎక్కడికీ పోవు. పోయిన మార్కులు మాత్రం తిరిగి రావు.

రోల్ నంబర్ తొమ్మిది

మాస్టారూ, మీరన్నది కాదనను. కానీ చిన్న క్లాసంటే స్నేహాలే అని తేల్చేస్తే ఒప్పుకోను.

మా బ్యాచ్ పద్నాలుగు మంది. 2020 పది వాళ్లం. మార్చిలో రాయాల్సిన పరీక్షలు వాయిదా పడి, లాక్‌డౌన్ వచ్చి, జూన్‌లో రద్దయ్యాయి. పరీక్ష రాయకుండా పాసైన బ్యాచ్ అని ఇప్పటికీ అంటుంటారు. కానీ ఆ పరీక్ష దాకా వచ్చిన ఐదేళ్లు మాకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు.

తొమ్మిదో తరగతిలో ఒక సోమవారం మాలో ఒకమ్మాయి రాలేదు. పద్నాలుగు మందిలో ఒక చోటు ఖాళీగా ఉంటే హాజరు తీయక్కర్లేదు, కంటికి కనబడుతుంది. మంగళవారం కూడా రాలేదు. సంబంధం చూస్తున్నారని ఆ వీధి పిల్లాడికి తెలుసు. వాడు చెప్పాడు, మేం సోషల్ టీచరుకి చెప్పాం. మధ్యాహ్న భోజనం అయ్యాక టీచరు, హెచ్‌ఎం గారు కలిసి వాళ్లింటికి నడుచుకుంటూ వెళ్లారు. ఏం మాట్లాడారో మాకు తెలియదు. గురువారం ఆ అమ్మాయి బ్యాగుతో వచ్చి తన చోట్లో కూర్చుంది. ఇప్పుడు నర్సింగ్ పూర్తి చేసి ఉద్యోగం చేస్తోంది. సెక్షనుకి అరవై మంది ఉన్న బడిలో రెండు రోజులు రాకపోతే జ్వరమేమో అనుకుని ఊరుకునేవాళ్లు.

ఇంకొకటి. పదిలో నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపే ముందు మా క్లాస్ టీచరు ఒక్కొక్కరి తల్లినో తండ్రినో పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఇంటిపేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ ఆధార్ కార్డుతో సరిచూసి, అక్షరం అక్షరం చదివి వినిపించి సంతకం పెట్టించారు. మా నాన్నకి చదువు రాదు. "నిదానంగా చెప్తాను బాబాయ్, తొందరేం లేదు" అని ఆయనకి రెండుసార్లు చదివారు. పది సర్టిఫికెట్లో పేరు తప్పుపడితే ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో పడ్డవాళ్లకే తెలుసు. మాలో ఒక్కరికీ ఆ బాధ రాలేదు.

గోదావరిఖని పిల్లగాడు

నాది తెలంగాణ. ఎనిమిది దాకా మా ఊళ్లోనే చదివి, తొమ్మిదికి పెద్ద బడికి పోయిన. మొదటి ఏడాది వెనక బెంచీలోనే కూర్చున్న. ప్రీ ఫైనల్ దాకా సగం మంది సార్లకు నా పేరు తెల్వదు. కానీ ప్రిజం పట్టుకుని వెలుతురు రంగులుగా విడిపోవుడు కండ్లార చూసింది ఆ బడి ల్యాబులోనే, అది మాత్రం నిజం. మా ఊరి బడిలో ప్రిజం బొమ్మే చూసినం.

మా ఊరి నుంచి నాతో పాటు వచ్చిన ఐదుగురిలో ఇద్దరు పది పూర్తి చెయ్యలేదు. బడి దూరమైందనే మానేసిండ్రు, చదువు రాక కాదు.

పాసెంజరు

బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏపీలో ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు ఉచితం, కాబట్టి టికెట్టు సమస్య లేదు. సమస్య టైము. పదో తరగతికి సాయంత్రం స్టడీ అవర్ పెడతారు. అది వదిలేసరికి మీ ఊరికి బస్సుందా? లేకపోతే ఆటో. చలికాలంలో అప్పటికే చీకటి. అప్పుడు ముందు స్టడీ అవర్ మాన్పిస్తారు, తర్వాత బడి మాన్పిస్తారు, అదీ ఆడపిల్లలనే.

చంపావతి గట్టు

పాసెంజరు గారూ, సాయంత్రం ఐదు దాటితే మా వైపు బస్సు లేదు. మీరు చెప్పేదాకా నేను అడిగి చూడలేదు, నిన్న డిపోలో కనుక్కున్నాను.

కమిటీ మెంబరు

మా ఊళ్లో ఈ గొడవ మూడు, నాలుగు, ఐదు తరగతులతో జరిగింది. 2022లో జీవో 117 వచ్చాక మా ప్రాథమిక బడి నుంచి ఆ పిల్లల్ని హైస్కూలుకి పంపేశారు. ఆ పద్ధతిని 2025లో పక్కన పెట్టారు. ఈ మధ్యలో మా వాళ్లు కొందరు పిల్లల్ని ప్రైవేటు బడి వ్యాను ఎక్కించేశారు, వాళ్లు మళ్లీ రాలేదు. ఒకసారి కదిపిన క్లాసుని తిరిగి తెచ్చుకోవడం కష్టం. తీర్మానం రాసే ముందు మీ పెద్దలకు ఇది గట్టిగా చెప్పండి.

చట్టం సంగతి కూడా చూసుకోండి. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, ఎనిమిదో తరగతి వరకే. దగ్గర్లో బడి ఉండాలన్న హక్కు అక్కడితో ఆగిపోతుంది. 9, 10 తరగతుల్ని మీరే తీర్మానం చేసి వదులుకుంటే రేపు అడగడానికి చేతిలో ఆధారం ఉండదు.

నా మాట ఒకటే. లోటు మాస్టారిది అయినప్పుడు పిల్లల్ని ఎందుకు కదపాలి? మాస్టారిని కదపండి. చుట్టుపక్కల బడులన్నీ ఒక స్కూల్ కాంప్లెక్స్ కింద టీచర్లను, ల్యాబును పంచుకోవాలని 1964-66 కొఠారి కమిషన్ చెప్పింది, 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ చెప్పింది. మండలం నుంచి ఫిజికల్ సైన్స్ మాస్టారు వారానికి రెండు రోజులు బండి మీద వస్తే సరిపోతుంది. పదకొండు మంది పిల్లలు రోజూ పోయి రావడం కంటే అది నయం కాదా?

లెక్కల మాస్టారు

కాగితం మీద నయమే. నేను అలా రెండు బడులకు తిరిగినవాణ్ణి. సోమ, మంగళవారాలు అక్కడ, మిగతా రోజులు ఇక్కడ. పండగో, మీటింగో, ట్రైనింగో మంగళవారం వచ్చిందంటే ఆ వారం పిల్లలకు ఒక్క రోజే పాఠం. వర్క్ అడ్జస్ట్‌మెంట్ (టీచరును వేరే బడికి సర్దే) ఆర్డరు జూన్‌లో అడిగితే దసరా అయ్యాక చేతికొస్తుంది. అప్పటికి ఎస్‌ఏ 1, అంటే అర్ధ సంవత్సర పరీక్ష, దగ్గరకొచ్చేస్తుంది. పిల్లల్ని దూరం పంపడం నాకూ ఇష్టం లేదు. సబ్జెక్టు టీచరు లేకుండా పది రాయించడం ఇంకా పెద్ద అన్యాయం అంటున్నాను.

రోల్ నంబర్ తొమ్మిది

పోటీ ఉండదన్న వాదన ఇంకా ఎవరూ ఎత్తలేదు గానీ, వస్తుంది. అందుకే ముందే చెప్తున్నా. ఎనిమిదిలో మా హెచ్‌ఎం గారు అందరి చేతా ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకు అప్లై చేయించారు, బాగా చదివేవాళ్లని ఏరలేదు. మాలో ముగ్గురికి వచ్చింది. ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు. అందులో ఒకడు క్లాసులో ఎప్పుడూ పదో స్థానం కంటే పైకి రానివాడు. పెద్ద బడిలో వాడికి ఆ ఫారం ఇచ్చేవాళ్లా అని నాకు అనుమానమే.

చంపావతి గట్టు

అందరికీ చాలా థ్యాంక్స్. మా అమ్మాయిని కూడా అడిగాను. "ఫిజిక్స్ సార్ వస్తే ఇక్కడే, రాకపోతే అందరం కలిసి వెళ్తాం, ఒక్కదాన్నే అయితే వెళ్లను" అంది. మిగతా పిల్లల ఇళ్లకూ వెళ్లి మాట్లాడుతున్నాను. మీటింగులో కలపొద్దనే చెప్తాను. లెక్కల మాస్టారూ, తీర్మానంలో టీచరు సంగతి ఎలా రాయాలో మీరే చెప్పాలి.

లెక్కల మాస్టారు

సరే, రాసుకోండి. "9, 10 తరగతులు ఇక్కడే కొనసాగించాలి" అని ఒక్క వాక్యం రాసి వదిలేయకండి. ఏ సబ్జెక్టుకు టీచరు లేరో పేరుపేరునా రాయండి. ఆ సబ్జెక్టుకు సర్దుబాటు ఆర్డరు జూన్ 12న బడి తెరిచేలోపు కావాలని రాయండి. వారానికి ఎన్ని పీరియడ్లు కావాలో, ఒక రోజు పోతే బదులు ఏ రోజు వస్తారో కూడా ఉండాలి. తల్లిదండ్రులందరి సంతకాలతో ఒక కాపీ ఎంఈఓకి, ఒకటి డీఈఓకి ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. జూలై మొదటి వారానికి మాస్టారు రాకపోతే ఇక్కడ మళ్లీ రాయండి. అప్పుడు నేను కలపమనే అంటాను.