ఫ్రిల్డ్ షార్క్ మూడున్నరేళ్ల గర్భం: చూసి చెప్పిందా, లెక్కగట్టిందా?

సొరపుట్టు: లోతు సముద్రపు సొర ఫ్రిల్డ్ షార్క్, గుడ్లు కడుపులోనే పొదిగి, పిల్లల్ని మూడున్నరేళ్లు మోస్తుందని అందరూ రాసేస్తున్నారు. చూసిందెవరు? 2007లో జపాన్‌లోని అవాషిమా దగ్గర దొరికిన 1.6 మీటర్ల ఆడది కొన్ని గంటలకే చచ్చిపోయింది, ఇక ఏళ్ల తరబడి గమనించేదెలా? జపాన్‌లోనే సురుగా అఖాతంలో పిండాలు నెలకి సగటున 1.4 సెం.మీ. పెరుగుతాయని తేల్చారు, పుట్టేటప్పటి పొడవు 55 సెం.మీ. భాగిస్తే 39 నెలలు, అంటే మూడుంపావేళ్లే. పైగా మొదట్నుంచి చివరిదాకా ఒకే వేగంతో పెరుగుతుందని ఎలా అనుకుంటాం?

లాసన్స్‌బే: ఆ పావుకి ఏమంత గొడవండీ! గుడ్డులో పిండం కొలవదగినంత అయ్యేలోపు గడిచే కాలం ఆ 39లో లేదు. చన్నీళ్లలో ఎదుగుదల మెల్లగానే ఉంటుంది. స్పైనీ డాగ్‌ఫిష్ అనే చిన్న సొర పాతిక, ముప్ఫై సెంటీమీటర్ల పిల్లకే దాదాపు రెండేళ్లు మోస్తుంది. ఇది దానికి రెట్టింపు పొడవు పిల్ల.

సొరపుట్టు: డాగ్‌ఫిష్‌కి సీజను ఉంది మాష్టారూ. నెలనెలా తల్లుల్ని కోసి చూస్తే పిండాల సైజు వరసగా పెరుగుతూ కనిపిస్తుంది. సురుగాలో ఫ్రిల్డ్ షార్క్‌కి సీజనే లేదు, ఏ నెలలోనైనా అన్ని దశల తల్లులూ దొరుకుతాయి. ఆ దారి మూసుకుపోయినట్టే. ఒక్క తల్లిలోనూ తేడాలుంటాయి: గుడ్లు సుమారు రెండు వారాలకొకటి విడుదలవుతాయి. ఆరు పిండాలుంటే మొదటిదానికీ చివరిదానికీ పది వారాల తేడా, అంటే 3 సెం.మీ. పైనే.

డాల్ఫిన్స్‌నోస్: గడువు సంగతి అలా ఉంచండి, నాకు సొనసంచి (పిండానికి అంటుకుని ఉండే, దాని తిండి నిండిన సంచి) లెక్కే కుదరట్లేదు. పిండం 6–8 సెం.మీ. ఉన్నప్పుడు గుడ్డు తొడుగు ఊడి బయటికొచ్చేస్తుంది. ఆ తర్వాత 40 సెం.మీ. దాకా సంచి సైజు పెద్దగా తగ్గదు, 50 దగ్గరికి దాదాపు మాయం. తినేది సొనే అయితే సంచి అన్నాళ్లు అలాగే ఎలా ఉంటుంది? తల్లి నుంచి ఏదో అందుతోందని నా అనుమానం.

లాసన్స్‌బే: సైజు చూసి తేల్చకండి, సంచి నీరు పీల్చి ఉబ్బొచ్చు. పొడి బరువే (నీరంతా ఆరాక మిగిలే బరువు) సాక్ష్యం. సొన మీదే బతికే పిండమైతే, పుట్టేనాటికి గుడ్డులోని పొడి బరువులో సుమారు ఐదో వంతు పోవాలి. తగ్గకపోయినా, పెరిగినా తల్లి వాటా ఉన్నట్టే.

డాల్ఫిన్స్‌నోస్: ఒప్పుకుంటా. మన హార్బర్‌లో ట్రాలర్ వలకి ఏ లోతు సొరైనా పిండాలతో పడితే, కొలిచే పద్ధతి ఇది. ఫార్మలిన్‌లో (కుళ్లకుండా దాచే ద్రవం) వేయకముందే కొలవాలి, వేస్తే ముడుచుకుంటాయి, సొన సారమూ కొంత కారిపోతుంది. పొడవు ముక్కు కొస నుంచి తోక కొస దాకా బల్ల మీద తిన్నగా పెట్టి తీయాలి. పొట్ట మీదుగా టేపు చుడితే సొనసంచి వల్ల అంకె ఎక్కువొస్తుంది. పిండాన్నీ సంచినీ విడదీసి, ఐసులో తెచ్చి, 60 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారనంత వరకూ ఆరబెట్టాలి.

సొరపుట్టు: ఏ పిండం గర్భాశయంలో ఏ వరసలో ఉందో కూడా రాసుకోండి. కలిపేస్తే ఆ పది వారాల తేడా సగటులో పడి పోతుంది, మళ్లీ మూడున్నరే పట్టుకుని వేలాడాలి.